మూడో వాటా మీటరు

మా అత్తగారు మనుషుల్ని నమ్మదు, మీటర్లని నమ్ముతుంది. కోపంతో అంటున్నాననుకునేరు. కోపం ఉంది, లేదనను, దాని సంగతి తర్వాత చెబుతాను. ఈ మాట మాత్రం ఆవిడే పదిమందిలో గర్వంగా చెప్పుకుంటుంది. "మనిషి నోరు ఎటైనా తిరుగుతుంది. మీటరు చక్రం ఒకవైపే తిరుగుతుంది" అంటుంది. ఆవిడ ఇళ్ళలో అద్దెకుండేవాళ్ళు ఎదురుగా అమ్మగారూ అంటారు, వెనక మీటరమ్మ అంటారు. ఆ సంగతీ ఆవిడకు తెలుసు. ఆవిడకు తెలియనిదేముంది కనక!

పక్కవీధిలో ఆవిడకు నాలుగు వాటాల మేడ ఉంది. కింద రెండు, పైన రెండు. మెట్ల కింద వరసగా నాలుగు కరెంటు మీటర్లు. ఆదివారం పొద్దున్న ఏడింటికల్లా ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో నల్ల అట్ట నోటుబుక్కు, నడుముకు తాళాల గుత్తి పెట్టుకుని బయలుదేరుతుంది. తోడుగా నన్ను లాక్కెళుతుంది. ఒక్కో మీటరు ముందు నిలబడి, కళ్ళజోడు పైకి తోసి, అంకెలు రాసుకుని, పోయిన వారం అంకె అందులోంచి తీసేసి, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పేస్తుంది.

"మొదటి వాటా వాళ్ళకి చుట్టాలొచ్చారు. మూడు రోజులున్నారు. మనతో ఒక్క ముక్క చెప్పారా?"

"రెండో వాటా దర్జీ పొద్దుపోయాక కూడా మిషను తొక్కుతున్నాడు. మోటారు పెట్టించినట్టున్నాడు. అద్దె పెంచమంటే మాత్రం గిరాకీ లేదని ఏడుస్తాడు."

"నాలుగో వాటాలో మొగుడూ పెళ్ళాలకి మాటల్లేవు. రెండు గదుల్లో రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి."

నవ్వుకునేదాన్ని. తీరా చూస్తే నాలుగో వాటా ఆవిడ కుళాయి దగ్గర నన్ను పట్టుకుని, వాళ్ళాయన మీద చాడీలు చెప్పి ముక్కు చీదింది. మాటలు మానేసి సరిగ్గా వారమట. ఆ తర్వాత నేను నవ్వడం మానేశాను.

ప్రతి వాటాకీ ఆవిడ దగ్గర మారు తాళంచెవి ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం. కుళాయి కారుతోందేమో చూద్దామనో, గోడకు చెమ్మ పట్టిందేమో చూద్దామనో లోపలికి వెళ్ళిపోతుంది. తలుపు తట్టడం ఆవిడ ఇంటా వంటా లేదు. "తట్టామంటే లోపలివాళ్ళకి సర్దుకోమని టైమిచ్చినట్టేగా?" అంటుంది. అద్దెవాళ్ళ సంగతి సరే, మా ఇంట్లోనూ అంతే. నేనూ మా ఆయనా పడుకునే గదిలోకి కూడా బట్టల కోసమనో, బొద్దింక కనిపించిందనో గాలిలా వచ్చేస్తుంది. పెళ్ళయిన కొత్తలో గడియ వేసుకుంటే, "లోపల అంత గుట్టేమిటమ్మా?" అంది. అప్పట్నుంచి ఈ పదకొండేళ్ళలో మా ఇంట్లో గడియ వేసుకునే అలవాటే పోయింది.

ఊరికే అయిపోలేదు ఆవిడ ఇలా. మా మామగారు కరెంటాఫీసులో మీటర్లు చూసే ఉద్యోగి. మా ఆయన నాలుగో తరగతిలో ఉండగా పోయారు. ఆఫీసువాళ్ళిచ్చిన డబ్బు, ఉన్న ఇల్లు, చిన్న పిల్లాడు, ఈవిడ. మరిది వచ్చి, "వదినా, నువ్వు బెంగపెట్టుకోకు, అన్నీ నేను చూసుకుంటాను, ఇక్కడ సంతకం పెట్టు" అన్నాడట. నాలుగు చోట్ల పెట్టింది. ఎనిమిది నెలల తర్వాత ఎవరో ఇద్దరు వచ్చి టేపు పట్టుకుని ఇల్లు కొలవడం మొదలుపెట్టారు. మరిది ఆ ఇంటిని తాకట్టు పెట్టి తినేశాడు. వంటగది కొలిచేటప్పుడు ఈవిడ పొయ్యి ముందే కూర్చుని ఉందట. "కాస్త జరగండమ్మా" అన్నారట. ఇది చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ ఇప్పటికీ కూర్చున్న చోటు నుంచి కాస్త పక్కకి జరుగుతుంది.

తర్వాత ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికేచోట ఇరవై రెండేళ్ళు పనిచేసింది. రెండు గదుల ఇల్లు కొని, ఒక గది అద్దెకిచ్చి, ఒక గదిలో కొడుకుతో ఉంది. ఆ అద్దె కూడబెట్టి పైన ఒక అంతస్తు వేసి, లెక్కల మాస్టారికి అద్దెకిచ్చింది. యాభై ఎనిమిదో ఏట, తోటివాళ్ళు మందుబిళ్ళలు లెక్కపెట్టుకునే వయసులో, మేముంటున్న ఆ ఇంటినే బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చి నాలుగు వాటాల మేడ కొంది. మా ఆయన వద్దని మొత్తుకున్నాడు. వింటేగా! నాలుగు వాటాల అద్దె నెల వాయిదాకి సరిగ్గా సరిపోతుంది. మాస్టారి అద్దె మరమ్మతులకీ పన్నుకీ పోతుంది. నాలుగూ నిండి ఉన్నంతకాలం బండి నడుస్తుంది. ఒక్కటి ఖాళీ అయితే కుంటుతుంది.

ఏడాది క్రితం మూడో వాటా ఖాళీ అయింది. ఇల్లు చూడ్డానికి పదకొండుమంది వచ్చారు. ఒకతను మరీ నవ్వుతున్నాడని వద్దంది. ఇంకొకతను అసలు నవ్వలేదని వద్దంది. చెప్పిన అద్దెకి సరేనన్నవాణ్ణి చూసి హడలిపోయింది. "బేరమాడలేదంటే కట్టే ఉద్దేశం లేదన్నమాట" అని తేల్చింది. ముగ్గురు నర్సు పిల్లలు వచ్చారు, చక్కటి పిల్లలు. "ముగ్గురికీ మూడు డ్యూటీలు. తలుపు ఇరవై నాలుగ్గంటలూ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. ఎవరొస్తున్నారో ఎవరు పోతున్నారో కాపలా కాయనా?" అంది. వాళ్ళకి మంచినీళ్ళయినా ఇవ్వకుండా పంపించేసింది.

రెండు నెలల వాయిదా తప్పింది. బ్యాంకు నుంచి ఒకాయన వచ్చి, ఎంతో మర్యాదగా కూర్చుని, మూడోది కూడా తప్పితే ఇంటి గోడకు నోటీసు అంటిస్తారని చెప్పి వెళ్ళాడు. మేడకు కాదు, మేముంటున్న ఇంటికి. మా ఆయన కాగితం మిల్లులో ఆపరేటరు. "నేను కడతానమ్మా" అన్నాడు. "కొడుకు ముందు చెయ్యి చాచి నిలబెట్టుకునే మేడ నాకెందుకురా? పోతే పోనీ" అంది ఆవిడ. పోతే పోనీ అన్న మనిషి ఆ రోజు నుంచి రాత్రిపూట అన్నం మానేసింది. అడిగితే ఆకలి లేదంది. కిటికీ గట్టు మీద రక్తపోటు బిళ్ళలు సగానికి విరిచి పెట్టుకోవడం చూశాను. రోజుకి ఒకటి వేసుకోవాల్సింది, సగమే వేసుకుంటోంది. నాకు భయం వేసింది. భయం కన్నా ఎక్కువ ఒళ్ళు మండింది. ఈ మొండి మనిషిని ఏం చెయ్యాలి?

చేశాను. అదే ఈ కథ.

నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. ఎప్పటికైనా సొంతంగా ఒక చిన్న కొట్టు పెట్టుకుందామని ఎవరికీ చెప్పకుండా చీటీ వేశాను. ఆ చీటీ పాడేసి డబ్బు తీసుకున్నాను. మా షాపుకి నెలకి రెండుసార్లు పెట్టె పట్టుకుని వచ్చే ఫ్రేములాయన ఉన్నాడు. నలభై ఐదేళ్ళ మనిషి, వేరే ఊళ్ళో తల్లితో ఉంటాడు, పెళ్ళి చేసుకోలేదు. ఆయన్ని బతిమాలాను. "అన్నయ్యా, మా అత్తయ్య మూడో వాటాలో అద్దెకి దిగినట్టు కాగితం రాయండి. మీరు ఉండక్కర్లేదు. నెల నెలా డబ్బు నేనిస్తాను, మీరు ఆవిడకి పంపండి" అన్నాను. ఆయన నవ్వి నవ్వి, "ఖాళీ ఇంటికి అద్దె కట్టే కోడల్ని నిన్నే చూశానమ్మా" అని ఒప్పుకున్నాడు.

మా అత్తగారి ముందు గట్టిగా బేరమాడమని నేనే నేర్పాను. అరగంట ఆడాడు. వంద రూపాయల దగ్గర ఇద్దరూ కొట్టుకున్నంత పని చేశారు. సరుకు ఖరీదైనది కాబట్టి బయట తన సొంత తాళం వేసుకుంటానని పట్టుబట్టాడు. అదీ నేను చెప్పిందే, లేకపోతే ఈవిడ మర్నాడే లోపలికి వెళ్ళి చూస్తుందిగా! అది మాత్రం ఆవిడ గొంతులో ముల్లులా గుచ్చుకుంది. అయినా, "గట్టివాడు. డబ్బు విలువ తెలిసినవాడు" అని సంతకం పెట్టింది. ఆ నెల వాయిదా కట్టేసింది. ఆ రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

ఆ సంబరం ఆదివారం దాకానే. మెట్ల కింద టార్చి వేసి ఆవిడ మూడో మీటరు చూసింది. మళ్ళీ చూసింది. నోటుబుక్కు తిరగేసింది.

"సున్నా," అంది. "వీడేమన్నా చీకట్లో బతుకుతున్నాడా?"

"టూరులో ఉన్నాడేమో అత్తయ్యా" అన్నాను.

"టూర్లో తిరిగేవాడికి ఇల్లెందుకే?"

సోమవారం నుంచి షాపు ఆరింటికి మూసినా, ఏడింటికి మూస్తున్నారని ఇంట్లో చెప్పాను. ఫ్రేములాయన ఇచ్చిన తాళంచెవులతో తీసుకుని, ఆ గంట మూడో వాటాలో గడిపేదాన్ని. బల్బు, ఫ్యాను ఎంతసేపు వేసినా మీటరు కదిలినట్టే ఉండదు. అందుకని నీళ్ళు కాచే హీటరు కడ్డీ ఒకటి కొన్నాను. రోజూ ఒక బకెట్టు నీళ్ళు సలసలా కాచి పారబోయడమే నా ఉద్యోగం. ఎవరూ స్నానం చెయ్యని నీళ్ళు! గుమ్మం బయట ఫ్రేములాయన పాత చెప్పుల జత, తీగ మీద ఆయన చొక్కా పెట్టాను. చూసినవాళ్ళు పిచ్చిదనుకుంటారు. మా ఆయనతో కూడా చెప్పలేదు. ఆయన తల్లికి అబద్ధం చెప్పలేడు, చెవులు ఎర్రబడతాయి.

ఒక సంగతి ఒప్పుకోవాలి. రెండు నెలలయ్యేసరికి ఆ గంట నాకు నచ్చడం మొదలైంది. కాగిన నీళ్ళలో కొంచెం ఇంకో బకెట్టులోకి పోసి, చన్నీళ్ళు కలిపి, పాదాలు ముంచుకుని గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. పొద్దుట్నుంచీ నిలబడి అద్దాలు అరగదీసిన కాళ్ళు. ఎవరూ గాలిలా లోపలికి రారు. ఎవరూ ఏమీ అడగరు. అద్దె కడుతున్నది నేనే కదా అని కాస్త గర్వంగా కూడా ఉండేది. పెళ్ళయ్యాక నాకంటూ ఒక తలుపు వేసుకోవడం అదే మొదటిసారి.

మా అత్తగారు ఊరుకుంటుందా! అద్దె ఒకటో తారీకు పొద్దున్న ఎనిమిదింటికల్లా వచ్చేస్తోందని కూడా ఆవిడకు అనుమానమే. "నిజాయితీపరుడు ఐదో తారీకున కడతాడు. ఒకటినే కట్టేవాడు ఏదో దాస్తున్నట్టే" అంది. చెప్పులు ఎప్పుడు చూసినా ఒకే వంకరలో ఉంటున్నాయంది. "ఆ చొక్కా తొమ్మిది రోజులుగా ఆరుతోంది, చూశావా?" అంది. మర్నాడు చొక్కా తీసేసి, చెప్పులు అటూ ఇటూ తిప్పి పెట్టాను. ఆ పై ఆదివారం ఆవిడ చెప్పుల వైపు చూసి, నా వైపు చూసి, ఏమీ అనలేదు. ఆవిడ తిడితే భయం లేదు. ఏమీ అనకపోతేనే భయం.

ఎనిమిదో నెలలో మా అక్కకి ఆపరేషనైతే పది రోజులు వెళ్ళాను. మీటరు సంగతి మర్చిపోలేదు, కానీ ఏం చెయ్యను? హీటరు వేసి వదిలేసి వెళ్ళలేనుగా, మేడ తగలబడుతుంది. పది రోజులే కదా, ఫ్రేములాయన టూరులో ఉన్నాడనుకుంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

తిరిగొచ్చాక ఇల్లు మారిపోయింది. నేను పెట్టిన టీ ఆవిడ తాగలేదు. తన కంచం తనే కడుక్కుంది. "షాపు ఏడింటికేనా మూసేది?" అని సోమవారం అడిగింది, బుధవారం మళ్ళీ అడిగింది. "ఆ ఫ్రేములవాడికి పెళ్ళి కాలేదన్నావు కదూ?" అంది. మా ఆయన ఒకరోజు, "నీకూ నాకూ ఏమన్నా గొడవలున్నాయా అని అమ్మ అడుగుతోందేమిటే?" అన్నాడు. శుక్రవారం షాపులో మా యజమాని, "మీ అత్తగారు నిన్న ఆరుంపావుకి ఫోన్ చేశారమ్మా, కళ్ళజోడు వదులైందట. నువ్వు ఆరింటికే వెళ్ళిపోయావని చెప్పాను" అన్నాడు.

డబ్బు సంగతి బయటపడిపోయిందనే అనుకున్నాను. పడితే పడనీ అని ఒక పక్క. మరోపక్క వేరే భయం. చీటీ డబ్బు ఇంక రెండు నెలలకే సరిపోతుంది. ఇల్లు కాగితం మీద నిండి ఉంది కాబట్టి కొత్తవాళ్ళెవరూ రారు. నిజం చెబితే ఈవిడ ఆ నిమిషం నుంచే ఆ డబ్బు ముట్టదు, మళ్ళీ అన్నం మానేస్తుంది, మళ్ళీ వాయిదా తప్పుతుంది, ఈసారి నోటీసు తప్పదు. చెప్పకపోయినా రెండు నెలల్లో అదే గతి. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. ఆ సాయంత్రం కూడా మూడో వాటాకే వెళ్ళాను. వెళ్ళకపోతే మీటరు ఆగిపోతుందిగా!

కడ్డీ నీళ్ళలో వేసి, పాదాలు ఇంకో బకెట్టులో పెట్టుకుని కూర్చున్నాను. బయటి తాళం నా పక్కనే ఉంది. తలుపుకే బిగించి ఉన్న లోపలి తాళం వేసుకున్నాను కానీ గడియ వెయ్యలేదు. పదకొండేళ్ళ అలవాటు. లోపలి తాళానికి ఆవిడ దగ్గర ఆకుపచ్చ దారం కట్టిన మారుచెవి ఉందన్న సంగతి తలుపు కిర్రుమన్నాకే గుర్తొచ్చింది.

మా అత్తగారు గొడుగు కర్రలా ఎత్తి పట్టుకుని నిలబడింది. నన్ను చూడలేదు. తలుపు వెనక చూసింది. వంటగదిలోకి వెళ్ళింది. బాత్రూం తలుపు ఒక్క తోపు తోసింది. తలెత్తి అటక మీద చూసింది. అప్పుడు వచ్చి నా ఎదురుగా నిలబడింది, ఆయాసపడుతూ.

"ఎక్కడే వాడు?"

"ఎవరత్తయ్యా?"

"ఎవరేమిటి? ఆ ఫ్రేములవాడు!"

నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళంతా కారం రాసినట్టయింది. టీ ఎందుకు తాగలేదో, కంచం ఎందుకు కడుక్కుందో, కొడుకుని ఏమడిగిందో అన్నీ వరసగా తెలిసొచ్చాయి. పదకొండేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే కుండలో అన్నం తిన్నాం. నా గురించి ఆ మాట అనుకోగలిగింది ఈ మనిషి!

"నువ్వు మీ అక్క దగ్గరున్న పది రోజులూ ఈ మీటరు ఒక్క చుట్టు తిరగలేదు. నువ్వొచ్చిన రోజే తిరిగింది. నేనేమన్నా గుడ్డిదాన్ననుకున్నావా? చెప్పు. రోజూ ఎవరి కోసం కూర్చుంటున్నావిక్కడ?"

"మీటరు కోసం!" అని అరిచాను.

ఆవిడ గొడుగు దించింది.

ఇంక నా నోరు ఆగలేదు. "మీ మీటరు కోసం! తొమ్మిది నెలలుగా మీ మేడకి అద్దె కడుతున్నది నేను. ఎవరూ లేని ఇంట్లో రోజూ బకెట్టు నీళ్ళు కాచి పారబోస్తున్నది నేను. ఎందుకో తెలుసా? కొడుకు ఇస్తే తీసుకోరు, ఇంకెవర్నీ ఇంట్లోకి రానివ్వరు, రాత్రిళ్ళు అన్నం మానేసి ఆకలి లేదంటారు, బిళ్ళలు సగానికి విరుచుకుంటారు. మీకు మీటర్లు కనిపిస్తాయి, నాకు మీరు కనపడరా? చూడండి, బాగా చూడండి, ఇంకా అటక మీద ఎవరన్నా ఉన్నారేమో!"

ఏడుపొచ్చేసింది. కాళ్ళు నీళ్ళలోనే ఉన్నాయి, లేవడానికి కూడా లేదు. ఆవిడ ఖాళీ గది నాలుగు మూలలా చూసింది. గోడకు ఒక్క మేకు లేదు. వంటగదిలో ఒక్క గిన్నె లేదు. అక్కడికక్కడ నన్ను దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. అంత వెర్రిదాన్ని.

"కట్టెయ్," అంది.

"ఏమిటి?"

"ఆ హీటరు. ఫ్యానూ లైటూ కూడా."

కట్టేశాను. చీకట్లో ఆవిడ మెట్లు దిగి వెళ్ళిన చప్పుడు వినిపించింది. కాసేపటికి మెట్ల కింది నుంచి కేక. "వెయ్!" వేశాను. "కట్టెయ్!" కట్టేశాను. "వెయ్!" రెండో వాటా దర్జీ బయటికొచ్చి, "ఏమైందమ్మగారూ, ఫ్యూజు పోయిందా?" అని అడగడం, "ఏం కాలేదు, నువ్వెళ్ళి నీ మిషను తొక్కుకో" అని ఆవిడ కసరడం వినిపించాయి. తర్వాత ఎంతసేపటికీ కేక రాలేదు.

కాళ్ళు తుడుచుకోకుండానే దిగాను. ఆవిడ మూడో మీటరు మీదికి టార్చి వేసి నిలబడి ఉంది. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది.

"వేస్తే తిరిగింది. కడితే ఆగింది," అంది, ఎవరికో అప్పచెబుతున్నట్టు.

"నా మాట చాలలేదు కదూ?" అన్నాను.

ఆవిడ టార్చి ఆర్పేసింది. "నీ మాటే నమ్ముదామని చూశానే అమ్మాయ్," అంది. "ఆ గదిలోనే నిలబడి చూశాను. నావల్ల కాలేదు. ఏం చెయ్యను, నాకు చేతకాదు."

ఇద్దరం ఇంటికి నడిచొచ్చాం. పక్కవీధే, అయినా ఎంతకీ తరగలేదు.

మూడు రోజులు ఆవిడతో నేను మాట్లాడలేదు. తప్పు నాదీ ఉంది, కాదనను. అబద్ధం ఆడాను, దొంగ అద్దెవాణ్ణి తెచ్చిపెట్టాను. కానీ ఆవిడ అనుకున్న మాట మాత్రం నా మనసులోంచి పోలేదు. మా ఆయనకి అంతా చెప్పేశాను. ఆయన తల పట్టుకుని, "మీ ఇద్దరి మధ్యా నేను కూడా ఒక అద్దెవాణ్ణే" అన్నాడు. మామూలప్పుడైతే నవ్వొచ్చేది. ఆ మూడు రాత్రులూ ఆవిడ కంచం ముందు కూర్చోలేదు. ఆకలి లేదని కూడా అనలేదు. నాకు కోపం కోపంగానే ఉంది, అయినా రోజూ అన్నం గిన్నె మీద మూత పెట్టి ఉంచాను.

నాలుగో రోజు సాయంత్రం గదిలో బట్టలు మడత పెడుతున్నాను. ఎక్కడో టకటకమని చప్పుడైంది. వీధి తలుపేమో అనుకున్నాను. మళ్ళీ అయింది. నా గది తలుపే. దగ్గరికి వేసి ఉందంతే, వేలితో తోస్తే తెరుచుకుంటుంది.

"ఎవరు?"

"నేనే," అంది మా అత్తగారు. ఆగింది. "రావచ్చా?"

"ఉండండి," అన్నాను. సర్దుకోవడానికేమీ లేదు, దాచడానికేమీ లేదు. ఊరికే ఉండమన్నాను. మంచం అంచున కూర్చున్నాను. తలుపు కింద సందులోంచి ఆవిడ పాదాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. మోకాళ్ళ నొప్పుల మనిషి. అయినా తలుపు తొయ్యలేదు. నాకు కళ్ళు నిండిపోయాయి, తుడుచుకుని వెళ్ళి తీశాను.

ఆవిడ నా మొహం వైపు చూడకుండా, ఆకుపచ్చ దారం కట్టిన తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"ఆ నర్సు పిల్లలు ముగ్గురూ మళ్ళీ ఇల్లు వెతుక్కుంటున్నారట. పిలిపించి హాల్లో కూర్చోబెట్టాను. నువ్వొచ్చి మాట్లాడు. నేను మాట్లాడితే మళ్ళీ పారిపోతారు."

"ఏమడగను?"

"నీ ఇష్టం. అడక్కపోయినా సరే. నీ చీటీ డబ్బు సంగతి వాడు చెప్పాడు, అది మనం మనం తేల్చుకుందాం, ముందు ఇల్లు నిండనీ." వెనక్కి తిరిగి రెండడుగులు వేసింది. మళ్ళీ ఆగింది.

"వాళ్ళని పంపించాక నాకు కాస్త అన్నం పెట్టమ్మా. ఆకలేస్తోంది."